సైనికుడి చూపు, ఆప్టోమెట్రిస్టు పని: తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుంచి ఒక సమీక్ష

సైనిక ఆప్టోమెట్రీ అంటే సైనికుల చూపును కొలవడం, సరిదిద్దడం, వాళ్లు చేసే పనికి తగ్గట్టు ఆ చూపును ఏళ్ల తరబడి కాపాడుతూ రావడం. శస్త్రచికిత్స దీని పరిధిలోకి రాదు. శుక్లాలు తీయడం, రెటీనాకు లేజర్ పెట్టడం, పేలుడులో చీలిన కంటికి కుట్లు వేయడం కంటి వైద్యుడి పని. అద్దాల నంబరు తేల్చడం, రెండు కళ్లూ కలిసికట్టుగా పనిచేస్తున్నాయో లేదో చూడడం, రంగుల గుర్తింపును పరీక్షించడం, కాంటాక్ట్ లెన్సులు అమర్చడం, జబ్బు లక్షణం కనబడితే వెంటనే వైద్యుడి దగ్గరకు పంపడం ఆప్టోమెట్రిస్టు పని. ఈ పని భారత సైన్యంలో రోజూ జరుగుతూనే ఉంది. అది చేసే వృత్తికి మాత్రం అధికారి హోదాతో కూడిన సొంత స్థానం లేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో నిలబడి చూస్తే ఈ లోటు మరింత బాగా తెలుస్తుంది. సైన్యంలోకి పంపడానికే పెట్టిన బడి ఇక్కడ ఉంది. పెద్ద కంటి ఆసుపత్రి ఉంది. సర్వీసు ముగించుకుని ఊరు చేరిన మాజీ సైనికులు మండలం మండలంలోనూ ఉన్నారు. సైన్యంలో చేరకముందు, సైన్యం వదిలాక వీళ్ల చూపు సంగతి చూసేది యూనిఫాం లేని మనుషులే. ఆ రెండు కాలాలకూ మధ్యనున్న సర్వీసు రోజుల్లో అదే వృత్తికి యూనిఫాం ఇవ్వడం సైన్యానికే మేలని ఈ వ్యాసం వాదన.

ముందు ఇప్పుడున్న ఏర్పాటు చూద్దాం. మన సాయుధ దళాల వైద్య వ్యవస్థలో మూడు ప్రధాన అంగాలున్నాయి. వైద్యుల కోసం ఆర్మీ మెడికల్ కోర్, దంత వైద్యుల కోసం ఆర్మీ డెంటల్ కోర్, నర్సుల కోసం మిలిటరీ నర్సింగ్ సర్వీస్. వీటిలో నర్సింగ్ సర్వీస్ 1926లో, డెంటల్ కోర్ 1941లో, మెడికల్ కోర్ 1943లో ఏర్పడ్డాయి. పంటికి ప్రత్యేకంగా ఒక కోర్ పెట్టాలని ఎనభై ఏళ్ల కిందటే తోచింది. సైనికుడు పంటినొప్పితో పనికిరాకుండా పోతాడని యుద్ధం నేర్పిన పాఠం అది. కంటికి అలాంటి ఆలోచన రాలేదు. మెడికల్ కోర్‌లో నేరుగా అధికారిగా చేరాలంటే ఎంబీబీఎస్ ఉండాలి. నాలుగేళ్ల ఆప్టోమెట్రీ డిగ్రీతో నేరుగా కమిషన్ దొరికే దారి లేదు. కంటి విభాగంలో వైద్యుడి కింద నంబరు చూసే పనిని సర్వీసులో చేరాక శిక్షణ పొందిన సిబ్బందో, పౌర ఉద్యోగులో చేస్తారు. ఇంటర్ సైన్సు చదివి నర్సింగ్ అసిస్టెంటుగా చేరిన కుర్రాడు అధికారి కాడు, డిగ్రీ చదివిన ఆప్టోమెట్రిస్టుకు అసలు తలుపే లేదు. ఇంకోవైపు, ప్రతి సైనికుడి వైద్య వర్గీకరణనూ ‘షేప్’ అనే అయిదు అక్షరాలతో రాస్తారు. మానసిక స్థితికి ఒకటి, వినికిడికి ఒకటి, కాళ్లూ చేతులకు ఒకటి, శరీర దారుఢ్యానికి ఒకటి, చివరిది కంటి చూపుకు. మనిషి మొత్తం ఆరోగ్యాన్ని అయిదు భాగాలు చేసి అందులో ఒక భాగాన్ని ఒక్క చూపుకే కేటాయించిన వ్యవస్థ, ఆ చూపునే వృత్తిగా చదివినవాళ్లకు ర్యాంకు ఇవ్వకపోవడం పొసగని విషయం.

చూపు ప్రమాణాల దగ్గరకు వస్తే, చేరే విభాగాన్ని బట్టి అవి మారతాయి. ఆర్మీ ర్యాలీ ప్రకటనల్లో సిపాయి స్థాయి అభ్యర్థి ఒక్కో కంటితో దూరపు చార్టులో 6/6 వరుస చదవాలి, రంగుల గుర్తింపులో సీపీ-3 స్థాయి ఉండాలి అని రాసి ఉంటుంది. వైమానిక దళం అగ్నివీరులకు ఒక్కో కన్ను 6/12 ఉన్నా అద్దాలతో 6/6కి వస్తే సరిపోతుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారా ఆర్మీలోకి వెళ్లేవాళ్లకు ఇటీవలి ప్రకటనల్లో అద్దాల్లేకుండా 6/36, అద్దాలతో 6/6, హ్రస్వదృష్టి మైనస్ 2.5 లోపు అన్న షరతులున్నాయి. ఈ అంకెల అర్థం చాలామంది అభ్యర్థులకు ఎవరూ విడమరిచి చెప్పరు. మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని 6 మీటర్ల దాకా వస్తే తప్ప చదవలేకపోవడం 6/36. మైనస్ 2.5 ఉన్న కంటికి అద్దాల్లేకుండా స్పష్టమైన చూపు 40 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే రైఫిల్ ఎత్తి పట్టుకుంటే గొట్టం చివరనున్న ఫోర్‌సైట్ కొన కూడా మసకబారుతుంది, లక్ష్యం సంగతి చెప్పనక్కర్లేదు. అద్దం పెడితే ఆ కన్నే 6/6 చదువుతుంది. కాబట్టి ఆ అద్దం సరిగ్గా ఉండడం, పగలకుండా ఉండడం, పగిలితే రెండో జత వెంటనే దొరకడం యుద్ధ సన్నాహంలో భాగమే.

రంగుల పరీక్ష విషయంలో చిత్తూరు జిల్లా కుర్రాళ్లకు జరిగే నష్టం వేరే రకం. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు గుంటూరులోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసే ఆధారం. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు కోసం తెల్లవారక ముందే లేచి నెలల తరబడి సాధన చేస్తారు. రాత పరీక్ష గట్టెక్కుతారు. చివరికి మెడికల్‌లో చుక్కల పుస్తకం ముందు అంకె కనబడక వెనక్కి వస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం పుట్టుకతో వచ్చేది, ఎక్కువగా తల్లి వైపు నుంచి కొడుకులకు సంక్రమించేది, చికిత్స లేనిది. ఇషిహారా చార్టుతో దాన్ని కనిపెట్టడానికి కొద్ది నిమిషాలు చాలు. ఎనిమిదో తరగతిలో ఆ పరీక్ష జరిగి ఉంటే ఆ కుర్రాడు తనకు అడ్డురాని ఉద్యోగాల వైపు మళ్లేవాడు, మూడేళ్లు మిగిలేవి. సైన్యం చేయగల ఆప్టోమెట్రీ సేవలో అతి చవకైనది ఇదే: ర్యాలీకి ముందు, ఊళ్లలోనే, బళ్లలోనే చూపు పరీక్ష. ఇప్పుడు మెడికల్ బోర్డు ఉన్నది తీర్పు చెప్పడానికి. అన్‌ఫిట్ అని రాశాక రివ్యూకో అప్పీలుకో వెళ్లే హక్కు ఉంటుంది గానీ, అక్కడికి వెళ్లాక కూడా పుట్టుకతో వచ్చిన లోపం మారదు.

కలికిరి సైనిక పాఠశాల ఈ వాదనకు అన్నిటికంటే గట్టి ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి సైనిక పాఠశాల విజయనగరం దగ్గర కోరుకొండలో 1962లో వచ్చింది. రెండోది 2014లో అప్పటి చిత్తూరు జిల్లా కలికిరిలో మొదలైంది. 2022 జిల్లాల విభజనలో కలికిరి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లినా, పీలేరు, మదనపల్లె, చిత్తూరు, తిరుపతి వైపు కుటుంబాలకు అది ఇప్పటికీ తమ బడే. ఆరో తరగతిలో చేరే పిల్లలకు 10 నుంచి 12 ఏళ్లు ఉంటాయి. ప్రవేశ పరీక్ష తర్వాత వైద్య పరీక్ష జరుగుతుంది, చూపు బాగున్న పిల్లలే లోపలికి వెళ్తారు. ఆ తర్వాత ఎన్‌డీఏ పరీక్ష నాటికి వాళ్ల వయసు పదహారున్నర దాటుతుంది. ఈ ఆరేడేళ్లే హ్రస్వదృష్టి మొదలై వేగంగా పెరిగే కాలం. కంటిగుడ్డు పొడవు పెరిగేకొద్దీ నంబరు పెరుగుతుంది, పెరిగిన పొడవు మళ్లీ తగ్గదు. పాఠశాల ఉద్దేశమే ఎన్‌డీఏకు పంపడం. మరి ఆ గుమ్మంలో పిల్లవాణ్ణి ఆపగల లోపం ఈ బడిలో ఉండగానే పెరుగుతుంటే, ఆరు నెలలకొకసారి ఆ కన్ను ఎంత మారిందో నమోదు చేసే మనిషి పాఠశాల వ్యవస్థలో ఉండాలి. పరీక్ష కూడా మొక్కుబడిగా చేస్తే లాభం లేదు. పిల్లల కంటి కండరం బిగుసుకుని నంబరును తప్పుగా చూపిస్తుంది కనుక చుక్కల మందు వేసి, ఆ కండరం సడలాక, చీకటి గదిలో రెటినోస్కోప్ వెలుగు గీతను కంటిపాప మీద ఆడిస్తూ, వెనక్కి వచ్చే ఎర్రటి మెరుపు ఏ వైపు కదులుతోందో చూసి, అద్దం తరువాత అద్దం మార్చి కదలిక ఆగిన చోట నంబరు రాయాలి. ఒక్కో పిల్లవాడికి ఓపికగా సమయం పెట్టాల్సిన పని ఇది.

హ్రస్వదృష్టి పట్నం పిల్లల సమస్య, రాయలసీమ పల్లె పిల్లలకు అంత భయం లేదనే వాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. 2000ల మొదట్లో మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్ని పరీక్షించిన అధ్యయనంలో నూటికి నలుగురికి కాస్త అటూ ఇటూగా హ్రస్వదృష్టి కనబడింది. 2015లో వెలువడిన ఢిల్లీ బడిపిల్లల అధ్యయనంలో అది 13 శాతం దాటింది. కానీ పల్లె పిల్లవాడు హాస్టలు బడిలో చేరాక అతని దినచర్య పల్లెది కాదు. పుస్తకం, తెర, పోటీ పరీక్ష అతని దగ్గరకూ వచ్చాయి. చదువుల ఒత్తిడి పరాకాష్ఠకు చేరిన చోట ఏమవుతుందో సైన్యాల లెక్కలే చెప్పాయి: సియోల్‌లో నిర్బంధ సైనిక సేవకు వచ్చిన 19 ఏళ్ల యువకుల్ని పరీక్షిస్తే 96.5 శాతం మందికి హ్రస్వదృష్టి ఉన్నట్టు 2012లో ప్రచురితమైంది. కలికిరి అంత దూరం వెళ్తుందని ఎవరూ అనడం లేదు. సైనిక పాఠశాలలో రోజూ మైదానంలో గడిపే సమయం కంటికి రక్షణే, ఆరుబయట వెలుతురు హ్రస్వదృష్టి మొదలవకుండా కొంత ఆపుతుందని తేలింది కూడా. మొదలైన పిల్లల్లో తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక కటకాలు దాని వేగాన్ని తగ్గిస్తాయి. ఇవన్నీ ముందుగా కనిపెట్టినప్పుడే పనికొస్తాయి. తర్వాత లాసిక్ చేయించుకోవచ్చులే అనే ధైర్యం ఎన్‌డీఏ అభ్యర్థికి చెల్లదు. వైమానిక దళ ప్రమాణాల ప్రకారం శస్త్రచికిత్స నాటికి 20 ఏళ్లు నిండి ఉండాలి, ఆపైన కనీసం 12 నెలలు గడవాలి, కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. పందొమ్మిదిన్నరకే వయోపరిమితి ముగిసే పరీక్షకు ఆ దారి అసలు వర్తించదు.

సర్వీసులో చేరాక అవసరం తగ్గుతుందనుకోవడం పొరపాటు. 6/6 అనేది మంచి వెలుతురులో, తెల్ల పలక మీది నల్ల అక్షరాలకు సంబంధించిన కొలత. గస్తీ చీకట్లో జరుగుతుంది. చీకట్లో కంటిపాప విచ్చుకుని, పట్టుకోవడానికి గురి ఏదీ దొరకక కన్ను కొంచెం హ్రస్వదృష్టి వైపు జారుతుంది. పగటి చార్టులో ఏ తేడా చూపించని చిన్న నంబరు రాత్రిపూట మనిషిని వెనకబెడుతుంది. రాత్రి చూపు పరికరం కటకాన్ని ఎవరి కంటికి వాళ్లు అమర్చుకోవడం కూడా నేర్పితే వచ్చేదే. విషవాయువు ముసుగు తొడిగితే మామూలు కళ్లద్దాల కాడలు ముసుగు అంచును ఎత్తి పట్టి గాలి చొరబడనిస్తాయి, అందుకే ముసుగు లోపల బిగించే ప్రత్యేక కటకాలు కావాలి. పీలేరు ఎండలో పెరిగిన సిపాయిని సియాచిన్ పంపితే అక్కడి వెలుతురు వేరు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం వరకు పెరుగుతుంది, కొత్తగా పడ్డ మంచు అందులో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఆ దెబ్బకు కార్నియా మంటెక్కి గంటల తరబడి కళ్లు తెరవలేని స్థితి వస్తుంది. 1990లలో రేడియల్ కెరటాటమీ అనే పాత శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ల కార్నియా ఎత్తైన చోట్ల ఆక్సిజన్ తగ్గి చదునై చూపు చెదిరిపోయిన సంగతి 1996లో ఎవరెస్టు మీద ప్రపంచానికి తెలిసింది. ఎవరికి ఏ శస్త్రచికిత్స జరిగింది, ఆ కన్ను ఏ ఎత్తుకు తట్టుకుంటుంది అని ముందే రాసిపెట్టుకోవాల్సిన అవసరాన్ని ఆ ఘటన చూపించింది.

ఇతర దేశాల్లో ఈ పని ఎలా సాగిందో చూస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలోని ఆప్టోమెట్రిస్టుల్లో చాలామంది మామూలు సిపాయిలుగానే పనిచేశారు. యుద్ధానికి లక్షల కళ్లద్దాలు కావలసి వచ్చాయి. 1947లో మెడికల్ సర్వీస్ కోర్ ఏర్పడినప్పుడు వాళ్లకు అందులో కమిషన్ దొరికింది. ఇప్పుడు ఆప్టోమెట్రీ చదువుతున్నవాళ్ల ఫీజు సైన్యమే కట్టి, చదువు అయ్యాక నిర్ణీత సంవత్సరాలు సర్వీసు చేయించుకునే పథకం కూడా ఉంది. వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో నౌకాదళం నడిపే పెద్ద కళ్లద్దాల ప్రయోగశాల దళాలకు జోళ్లు తయారుచేసి పంపుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో గాయపడినవాళ్లలో కంటి గాయాల వాటా సుమారు 13 శాతానికి చేరాక తూటా ముక్కలకు తట్టుకునే రక్షణ అద్దాలు క్రమంగా తప్పనిసరి సామగ్రి అయ్యాయి. అదే కాలంలో అపాచీ హెలికాప్టర్ పైలట్ల విషయంలో కొత్త చిక్కు వచ్చింది. హెల్మెట్ నుంచి కుడి కంటి ముందుకు వచ్చే చిన్న తెరకు మామూలు కళ్లజోడు అడ్డుపడుతుంది, అందుకని పైలట్లకు కాంటాక్ట్ లెన్సులు పెట్టి ఆప్టోమెట్రిస్టులు వాటిని కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది. మన వైమానిక దళంలో అపాచీలు 2019లో చేరాయి, ఆర్మీకి 2025లో అందాయి. ఆయుధం కొన్నప్పుడు దాంతోపాటు కన్ను చూసే పని కూడా వస్తుంది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది: మెడికల్ కోర్‌లో మంచి కంటి వైద్యులుండగా ఆప్టోమెట్రిస్టులెందుకు? దీనికి జవాబు తిరుపతిలోనే దొరుకుతుంది. తితిదే ఇచ్చిన స్థలంలో 2019లో మొదలైన శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆసుపత్రి మదురై అరవింద్ సంస్థల్లో ఒకటి. ఆ సంస్థను 1976లో స్థాపించిన డాక్టర్ జి. వెంకటస్వామి సైనిక వైద్యుడిగానే జీవితం మొదలుపెట్టారు. 1944 నుంచి 1948 వరకు సైన్యంలో పనిచేసి, కీళ్లవాతం వేళ్లను వంకర చేయడంతో సర్వీసు వదిలి, ఆ వేళ్లతోనే తర్వాత లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన కట్టిన పద్ధతిలో కీలకమైన సూత్రం పని విభజన. చూపు కొలవడం, నంబరు తేల్చడం, కంటి ఒత్తిడి చూడడం, రోగిని సిద్ధం చేయడం ఆ పనికే శిక్షణ పొందిన సిబ్బంది చూస్తారు. వైద్యుడు రోగ నిర్ణయం, శస్త్రచికిత్స మాత్రమే చూస్తాడు. వైద్యుడి సమయం అలా మిగలబట్టే అన్ని ఆపరేషన్లు సాధ్యమయ్యాయి. అంటే కంటి వైద్యులున్నారు కనుక ఆప్టోమెట్రిస్టులు అక్కర్లేదనే వాదన తలకిందులైంది. వైద్యులు కొద్దిమందే కనుక ఆప్టోమెట్రిస్టులు కావాలి. సరిహద్దు దగ్గరి ఫీల్డ్ ఆసుపత్రిలో కంటి సర్జన్ ఉండడు. నంబరు మారిన సిపాయిని కంటి నిపుణుడున్న పెద్ద సైనిక ఆసుపత్రికి పంపితే పోనూ రానూ రోజులు పోతాయి. ఇరవై నిమిషాల పరీక్షకు యూనిట్ ఒక మనిషిని అన్ని రోజులు కోల్పోతుంది.

ఏటా వైద్య పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి కదా, చూపు అప్పుడు చూడడం లేదా అని అడగవచ్చు. చూస్తారు. అది వర్గీకరణ కోసం చేసే పరీక్ష. చూపు తగ్గిందని చెబుతుంది, ఎందుకు తగ్గింది, ఏ అద్దంతో ఎంత తిరిగి వస్తుంది అన్నది దాని తర్వాతి పని. పైగా చూపు తగ్గిందని చెబితే వర్గం దిగిపోయి ప్రమోషన్ పోతుందేమోనన్న భయం ఎవరికైనా ఉంటుంది. తీర్పు చెప్పే బల్ల, సాయం చేసే బల్ల వేరువేరుగా ఉంటే మనిషి నిజం చెప్పడానికి వెనుకాడడు. 2022లో అగ్నిపథ్ వచ్చాక సైన్యం మరింత యవ్వనంగా మారుతుంది, నాలుగేళ్లకు ఇంటికి వెళ్లేవాడికి చత్వారం సమస్యే రాదు అనే మాట కూడా వినబడుతుంది. నలుగురిలో ఒకరి వరకు కొనసాగేవాళ్లు, వాళ్లపైనున్న హవల్దార్లు, సుబేదార్లు నలభై దాటుతారు. ఆ వయసులో మ్యాపు మీద సన్నటి గీత, వైర్‌లెస్ సెట్టు మీది అంకె, ఇప్పుడు కొత్తగా డ్రోన్ తెర మీద కదిలే చుక్క చేయి చాపిన దూరంలోనే మసకబారతాయి. నాయకత్వం వహించే వయసూ, చత్వారం వచ్చే వయసూ ఒకటే.

ఇంకొక అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. చాలా కాలం ఆప్టోమెట్రీకి దేశంలో చట్టబద్ధమైన నియంత్రణ లేదు. ఆరు నెలల సర్టిఫికెట్ పెట్టుకుని కళ్లద్దాల దుకాణంలో నంబరు చూసేవాళ్లూ, నాలుగేళ్లు చదివి అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లూ ఒకే పేరుతో చలామణి అయ్యారు. అలాంటి వృత్తికి సైన్యం కమిషన్ ఇవ్వకపోవడాన్ని తప్పు పట్టడం కష్టం. కానీ 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆప్టోమెట్రిస్టును గుర్తించిన వృత్తుల జాబితాలో చేర్చింది, రిజిస్టర్లకు, విద్యా ప్రమాణాలకు దారి వేసింది. ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఈ తరగతి మనుషుల విలువను అంతకుముందే గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పారామెడికల్ ఆప్తాల్మిక్ ఆఫీసర్ అనే పోస్టు ఎప్పటినుంచో ఉంది. 2019 అక్టోబర్ 10న మొదలైన కంటి వెలుగు పథకంలో బడిపిల్లల చూపు పరీక్షలు వీళ్ల చేతుల మీదుగానే ఎక్కువగా జరిగాయి. రైల్వే నియామకాల్లోనూ ఆప్టోమెట్రిస్టు పోస్టు ఉంది. లోకో పైలట్ కంటికి ఇచ్చిన గౌరవం ట్యాంకు నడిపేవాడి కంటికి ఇవ్వడానికి చట్టం ఇక అడ్డు కాదు. కాంట్రాక్టు మీద పౌర ఆప్టోమెట్రిస్టుల్ని పెట్టుకుంటే చాలదా అంటే, చెన్నై, బెంగళూరు, సికింద్రాబాద్ వంటి చోట్ల చాలు, అక్కడ అదే మంచిది కూడా. లేహ్‌లోనో తవాంగ్‌లోనో, యూనిట్ కదిలినప్పుడు దాంతోపాటు కదలాల్సిన చోట కాంట్రాక్టు పనికిరాదు. కేడర్ పెద్దది కానక్కర్లేదు. బ్రిగేడ్ స్థాయిలో అందుబాటులో ఉండే కొద్దిమంది అధికారులు, వాళ్ల కింద శిక్షణ పొందిన సిబ్బంది, ఒక కటకాల ప్రయోగశాల ఉంటే మొదలుపెట్టవచ్చు.

రిటైరైనవాళ్ల విషయం క్లుప్తంగా. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు పాలీక్లినిక్‌ల ద్వారా, గుర్తింపు పొందిన ఆసుపత్రుల ద్వారా వైద్యం అందిస్తుంది. ఈ వయసులో చూపును తీసేవి శుక్లాలు, మధుమేహం వల్ల రెటీనాకు వచ్చే జబ్బు, గ్లకోమా. మొదటిది ఆపరేషన్‌తో నయమవుతుంది. మిగతా రెండూ నొప్పి లేకుండా లోపల్లోపల తినేసేవి. 1996 నుంచి 2000 వరకు ఎల్‌వీ ప్రసాద్ కంటి సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో, గ్లకోమా ఉన్నవాళ్లలో అత్యధికులకు తమకు ఆ జబ్బున్న సంగతే తెలియదని బయటపడింది. ఆ అధ్యయనానికి హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ఎంచుకున్నారు, రాయలసీమ జిల్లా ఒక్కటీ అందులో లేదు. పాలీక్లినిక్‌లో మందుల చీటీ కోసం వచ్చిన ప్రతి మధుమేహ రోగి కంటి అడుగుభాగాన్ని ఒక ఫోటో తీసి చూసే ఆప్టోమెట్రిస్టు ఉంటే ఆ జబ్బులు చూపు పోకముందే దొరుకుతాయి.

ప్రస్తుతానికి తిరుపతిలోనో చిత్తూరులోనో ఆప్టోమెట్రీ చదువుతున్న విద్యార్థికి సైన్యం వైపు ఉన్న దారులు పక్కదారులే. డిగ్రీ ఉన్నవాళ్లు కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష రాసి అధికారులు కావచ్చు, అప్పుడు చదివిన వృత్తి పక్కన పెట్టాల్సిందే. ఇంటర్‌లో జీవశాస్త్రం చదివినవాళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేరి లోపల కంటి విభాగానికి వెళ్లే అవకాశం కోసం చూడవచ్చు, అప్పుడు డిగ్రీ లెక్కలోకి రాదు. పౌర ఉద్యోగిగా సైనిక ఆసుపత్రుల ప్రకటనల కోసం ఎదురుచూడవచ్చు. లేదా ఇక్కడే ఏదో కంటి ఆసుపత్రిలో ఉండి, ర్యాలీకి వెళ్లే కుర్రాళ్ల కళ్లూ, సర్వీసు ముగించి వచ్చినవాళ్ల కళ్లూ చూస్తూ ఉండవచ్చు. ఎక్కువమంది ఎంచుకునేది ఈ చివరి దారే. ఆప్టోమెట్రీ తరగతుల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అన్ని సైనిక పాఠశాలల్లోకీ అమ్మాయిలు 2021 నుంచి, ఎన్‌డీఏలోకి 2022 నుంచి వస్తున్నారు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ దాదాపు వందేళ్లుగా మహిళా అధికారులతోనే నడిచింది. కాబట్టి డిగ్రీ చదివిన ఒక ఆప్టోమెట్రిస్టు, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, షార్ట్ సర్వీస్ కమిషన్‌తో లెఫ్టినెంటుగా చేరడానికి కావలసింది రక్షణ శాఖ జారీ చేసే ఒక నియామక నిబంధన. మొదటి పోస్టులు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే, ఎత్తైన ప్రాంతాల ఫీల్డ్ ఆసుపత్రులు, వైమానిక స్థావరాలు, ఎన్‌డీఏకు పిల్లల్ని పంపే సైనిక పాఠశాలలు ఆ జాబితాలో ముందుండాలి. కలికిరి, కోరుకొండ పాఠశాలలు రెండింటికీ కలిపి ఒక్క అధికారి చాలు, ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్లవాడి కంటినీ చుక్కల మందు వేసి కొలిచి, ఆ కొలతల పుస్తకాన్ని ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు నడపడానికి.